ఎర్ర దీపం

కాల్గరీలో ఒక ఇంటి గరాజు, అక్టోబరు నెల, ఆదివారం పొద్దున. ధాత్రి పడమట కొండల అవతలున్న బర్నబీకి వెళ్ళిపోతోంది, అదీ చుట్టపుచూపుగా కాదు. ఆమె ముచ్చటపడి కొనుక్కున్న పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకి, ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ తగ్గితే వెలిగే ఎర్ర దీపం బిగిస్తున్నాడు ఆమె భర్త హేమచంద్ర. నోట్లో నువ్వుగింజ నానని మనుషులుంటారు. ఇతని నోట్లో మాత్రం ఎంత పెద్ద మాటైనా ఏళ్ళ తరబడి నానుతూనే ఉంటుంది.

"ఇంకా ఎంతసేపండీ?"

"ఇదుగో, ఒక్క తీగ. డాష్‌బోర్డు కిందకి లాగి కలిపితే అయిపోతుంది."

"ఇందాకా ఒక్క తీగే అన్నారు."

"అది ఇంకో తీగ. ఆ టార్చి కాస్త ఇటు పట్టు ధాత్రీ. ఇంకాస్త కిందకి. కాఫీ తాగావా?"

"తాగా. మీది స్టవ్ పక్కన పెట్టా, ఈపాటికి చల్లారిపోయుంటుంది. సూట్‌కేసు డిక్కీలో పెట్టేయనా?"

"ఇప్పుడే వద్దు. డిక్కీ వేస్తే బండి అదురుతుంది. కూలెంట్ డబ్బాకి కన్నం పెట్టి సెన్సర్ దూర్చా కదా, చుట్టూ పూసిన సీలెంట్ ఇంకా ఆరిందో లేదో."

"మొన్న సాయంత్రం పూశారు. ఒక రోజు చాలని ట్యూబు మీదే రాసుంది."

"అది మామూలు చోట్ల. ఇక్కడి చలికి త్వరగా ఆరదు. రేపటిదాకా ఆగామనుకో..."

"రాత్రంతా గరాజులో హీటర్ పెట్టా."

"పెట్టావా?"

"మీరు ఈ మాట అంటారని తెలిసే పెట్టా."

"మంచి పని చేశావు. అయినా ఇవాళ ఆదివారం. పడమటి దిక్కుకి శూల అంటారు."

"ఎవరంటారు?"

"మా అమ్మ."

"మనం ఈ ఇంట్లో దిగింది మూఢంలో. అత్తయ్య ఫోన్లో ఏడుస్తుంటే, కెనడాకి మూఢాలేంటమ్మా అని నవ్వింది మీరే. ఇవాళ మీకు శూల గుర్తొచ్చింది."

"ఊరికే అన్నాలే. కొండల్లో మంచు మొదలైందట. అందుకని."

"స్నో టైర్లు వేయించా. మధ్యలో రాత్రికి కామ్లూప్స్‌లో ఆగుతా. రేపు మధ్యాహ్నానికల్లా నా స్నేహితురాలు స్పందన వాళ్ళింట్లో ఉంటా. గది సర్ది పెట్టింది పాపం, రెండుసార్లు నా కోసం అన్నం వండి పారబోసుకుంది. మంగళవారం నుంచి ఫార్మసీలో డ్యూటీ."

"పోనీ నా బండి తీసుకెళ్ళకూడదా? పెద్ద బండి, నాలుగు చక్రాలూ పట్టుకుంటాయి. నాకు దిగులుండదు."

"మీ బండి వద్దన్నా కదండీ."

"ఎందుకొద్దో చెప్పు."

"తిరిగివ్వడానికి మళ్ళీ రావాలి."

"ఈ తీగ చివర ఇంకాస్త ఒలవాలి."

"టార్చి చాలా? చెయ్యి లాగుతోంది."

"చాలు. ఆ స్క్రూ అందుకో. అసలీ దీపం నీకు ఎందుకు తోచింది? సెన్సర్ నువ్వే తెప్పించావు. నేనడగలేదు."

"నాకు ముందే తెలియాలని. ఆ వేడి చూపించే ముల్లుని నమ్ముకోమంటారా? దాని సంగతి మీరే చెప్పారు."

"నిజమే. దాని సెన్సర్ కూలెంట్‌లో మునిగుంటేనే దానికి వేడి తెలుస్తుంది. కూలెంట్ అంతా పోయిందనుకో, చుట్టూ ఉండేది ఒట్టి గాలి. ముల్లు హాయిగా మధ్యలోనే నిలబడుతుంది. ఇంజను పట్టేశాక లేస్తే ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు."

"అంతా బాగుందనే చూపిస్తుంది."

"ఆఁ."

"లోపల మాడిపోతున్నా సరే."

"నన్నే అంటున్నావు."

"ముల్లుని అన్నా. గుమ్మడికాయల దొంగంటే మీరు భుజాలు తడుముకుంటున్నారు."

"ధాత్రీ, వదినగారి విషయం ఎన్నిసార్లు చెప్పను. నేను సొంతంగా చేసింది కాదు. మీ బావగారే ఫోన్ చేసి, అక్క ఐసీయూలో ఉందని ధాత్రికి పరీక్షయ్యేదాకా చెప్పొద్దన్నారు. మీ అమ్మగారూ అదే మాట. మన ఇళ్ళల్లో ఎవరైనా అంతే చేస్తారు. నువ్వు ఆ ఫార్మసీ లైసెన్సు పరీక్ష కోసం ఎంత కష్టపడ్డావో చూసినవాణ్ణి."

"చేస్తారు. మా తాతయ్య పోయినప్పుడు మా పెదనాన్న కూతురు లక్ష్మక్కకీ అంతే చేశారు. ఇంటర్ పరీక్షలయ్యాక చెప్పారు. నన్ను చివరిచూపు కూడా చూడనివ్వలేదే అని అది గోడకేసి తల కొట్టుకుంది. మన పెళ్ళయిన కొత్తలో మీకు చెప్పా. నా దగ్గర మాత్రం ఎప్పుడూ ఇలాంటిది దాచొద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నా."

"వేయించుకున్నావు."

"ఐసీయూ నుంచి వీడియో కాల్ చేసి, ధాత్రిని ఒక్కసారి చూపించు మరిదీ అని అక్క అడిగితే మీరేమన్నారు?"

"ఇప్పుడెందుకు అదంతా..."

"ఏమన్నారు?"

"నిద్రపోతోందన్నా."

"నేను పక్క గదిలో చదువుకుంటున్నా. ఎవరండీ ఫోన్ అని కేకేసి అడిగితే?"

"ఆఫీసు కాల్ అన్నా."

"తర్వాత నాకు పాలు వేడి చేసి తెచ్చిచ్చారు. బాదంపప్పు కూడా వేశారు. పరీక్ష పాసయ్యాను, లైసెన్సొచ్చింది. అక్కే లేదు."

"నీ మంచికేనని..."

"ఆ మాట మాత్రం అనకండి. మీ కాళ్ళు పట్టుకుంటా, ఆ మాటనకండి."

"సరే. అనను."

"తీగ కలిపారా?"

"కలిపా."

"అయితే కీ తిప్పుతా."

"ఉండు, ముందు చెప్పేది విను. కీ తిప్పగానే దీపం ఒకసారి వెలగాలి. వెలిగి ఆరిపోతే అంతా బాగున్నట్టు. వెలిగి ఆరకపోతే కూలెంట్ తగ్గినట్టు. నిన్న సాయంత్రం ఇద్దరం చూస్తుండగానే పై గీత దాకా పోశాం కాబట్టి ఆరిపోతుంది."

"తిప్పా. వెలిగింది."

"ఇప్పుడు ఆరుతుంది చూడు."

"చూస్తున్నా."

"ఆరిందా?"

"ఆరలేదు."

"ఇంకాస్త చూడు."

"ఎంతసేపు చూడను? అలాగే ఉంది. ఎర్రగా."

"తీగలో ఏదో ఉండుంటుంది. కీ తీసెయ్. నేను బానెట్ ఎత్తి చూస్తా."

"ఏం కనిపిస్తోంది?"

"తగ్గింది."

"ఎంత?"

"సగం కూడా లేదు. సెన్సర్ బయటికి తేలింది. దీపం సరిగ్గానే చెప్పింది. కింద చూడు ధాత్రీ, ఆ అట్టముక్క మీద ఏమైనా పడిందా?"

"చుక్క లేదు. పొడిగా ఉంది."

"సీలెంట్ దగ్గర తడి లేదు. గొట్టాల దగ్గరా లేదు. అంటే లోపలికే పోతోంది. ఇంజను తాగేస్తోంది. ధాత్రీ, నువ్వివాళ వెళ్ళకు."

"మళ్ళీ మొదలెట్టారా?"

"మొదలెట్టడం కాదు..."

"పోయిన నెల సామాను సర్దుకుని పొద్దున్నే లేచి చూస్తే కూలెంట్ సగమే ఉంది. ఇంజను మూత కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయింది, లోపలే కాలిపోతోంది అన్నారు. ఆగిపోయా. రెండోసారీ అంతే. మెకానిక్ ప్రెషర్ పెట్టి చూసి, ఏ లోపం లేదమ్మా, రాజాలా వెళ్ళు అన్నాడు. ఇప్పుడు మీరు మళ్ళీ అదే కథ చెబితే నేను వినాలా? పోసుకుని వెళ్తా. దారిలో తగ్గితే దీపం వెలుగుతుంది, అందుకేగా పెట్టించుకున్నా."

"ఇవాళ నిజం."

"ఏంటి?"

"ఇవాళ నిజంగానే తగ్గింది."

"మరి అప్పుడు తగ్గింది నిజం కాదా?"

"అలా కాదు, అప్పుడూ తగ్గింది. కానీ..."

"కానీ?"

"నువ్వా కీ అక్కడ పెట్టు. ముందు కారులోంచి దిగు."

"దిగను. చెప్పండి."

"దారిలో రోజర్స్ పాస్ కనుమ దగ్గర ఫోన్ సిగ్నల్ ఉండదు. ఆ ఎత్తులో ఇంజను పట్టేస్తే వెనకాల ట్రక్కులు, పక్కన మంచు. దీపం వెలిగినా అక్కడ బండి ఆపుకోవడానికి జాగా ఉండదు. నా మాట విను తల్లీ."

"కానీ అన్నారు. కానీ ఏంటి?"

"అప్పుడు నేను తీశా."

"ఏం తీశారు?"

"కూలెంట్. రెండుసార్లూ నేనే. నువ్వు పడుకున్నాక వచ్చి, నీ ఫార్మసీ సంచిలో ఉన్న పెద్ద సిరంజీతో తోడి, ఆ అద్దాలు కడిగే వాషర్ ఫ్లూయిడ్ డబ్బాలో పోశా. బండికి ఏ రోగమూ లేదు. మెకానిక్ చెప్పిందే నిజం. గ్యాస్కెట్ నేను కల్పించిన కథ."

"ఎందుకు తీశారు?"

"ఎందుకేంటి. నువ్వు వెళ్ళిపోతున్నావు కాబట్టి."

"ఉండిపో అని అడగొచ్చుగా. నోరుంది కదా."

"ఏ మొహం పెట్టుకుని అడగను? వదినగారు పోయాక నిన్ను ఏ మాటా అడగలేకపోయా. కూలెంట్ తోడడం తేలికనిపించింది. ఒక్కో రోజు ఆపితే చాలనుకున్నా. ఒక్కో రోజూ ఆగితే ఎప్పుడో ఒకప్పుడు నీ కోపం తగ్గుతుందని."

"రాత్రి కూడా తీశారా?"

"రాత్రి ముట్టుకోలేదు. అమ్మ మీద ఒట్టు."

"ఎందుకు ముట్టుకోలేదు? బుద్ధొచ్చిందా?"

"బుద్ధి కాదు. దీపం పెట్టాక తీస్తే పట్టుబడిపోతానని. చూశావా, అది కూడా దాచకుండా చెప్పేస్తున్నా. నాన్నా పులి కథలా ఉందని నాకూ తెలుసు. కానీ ఈసారి పులి నిజంగానే వచ్చింది ధాత్రీ. నేను తీయలేదు, కింద కారలేదు, మరి కూలెంట్ ఎటు పోయింది? నేను నోటికొచ్చినట్టు చెప్పిన రోగం దీనికి నిజంగానే వచ్చింది."

"అంత కంగారేంటి?"

"కంగారుండదా? నిన్ను నేనే ఆ కొండల్లోకి పంపించి, సాయంత్రం ఎవడో పోలీసు తలుపు కొడితే? ఇన్నాళ్ళూ అబద్ధాలు చెప్పినవాడి నిజం ఎవరు నమ్ముతారు? నువ్వు నమ్మవు. పోసుకుని వెళ్ళిపోతావు. నన్ను వదిలేయ్, పర్లేదు. తిట్టు, నలుగురికీ చెప్పు. విమానంలో వెళ్ళు, నేనే ఎయిర్‌పోర్టులో దింపి దండం పెట్టి వెనక్కొస్తా. సామాను తర్వాత నేను పంపిస్తా. ఈ కారులో మాత్రం వెళ్ళకు. నిన్ను బతిమాలుకుంటున్నా."

"లేవండి. నేల చల్లగా ఉంది."

"ముందు వెళ్ళనని చెప్పు."

"ఇంకేమైనా దాచారా?"

"ఏముంది ఇంక దాచడానికి."

"ఆలోచించుకుని చెప్పండి."

"ఒకటుంది. వదినగారు ఆ కాల్‌లో... నిద్ర లేపొద్దు, చదువుకునే పిల్ల, అలిసిపోయుంటుంది అన్నారు. నవ్వారు కూడా. నీకు చెబితే ఇంకా కుమిలిపోతావని చెప్పలేదు."

"నవ్విందా?"

"ఏడవకు ధాత్రీ. అందుకే చెప్పలేదు."

"ఆ మాట నాకు కావాలండీ. ఏడ్చుకోవడానికైనా కావాలి."

"తప్పే. అన్నీ తప్పులే. ఇంకేం లేవు, ఒట్టు. ఇప్పుడైనా ఆ కీ ఇలా ఇవ్వు."

"భయపడకండి, బండికేం కాలేదు. రాత్రి కూలెంట్ తోడింది నేను, మీరు వాడిన సిరంజీతోనే. దానికంటిన కూలెంట్ చూసి అప్పుడే మీ పని పట్టేశా. మీ అంతట మీరు నాకొక్క నిజమైనా చెప్పకుండా ఈ ఇంట్లోంచి కదలకూడదనుకుని రెండుసార్లూ ఆగా, చెప్పారు, ఇక ఆ కూలెంట్ క్యాను ఇలా ఇవ్వండి, పోసుకుని బయల్దేరతా."