ఇస్త్రీబండి బూడిద

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోచింగుల పైన, మూడో అంతస్తులో కుండలు చేయడం నేర్పే కొత్త సెంటరు. ఒకప్పుడు తనకు ఆ పని నేర్పిన సార్ వచ్చి కప్పులు తిప్పి చూస్తుంటే, సెంటరు యజమాని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కట్టెల మంటలో కాల్చినవని బోర్డు పెట్టావు. బట్టీ ఏదిరా?"

"కరెంటు బట్టీ సార్. గీ బిల్డింగుల కట్టెలెట్ల పెడ్తం?"

"మరి కట్టెల బూడిద ఎగిరొచ్చి పడితే వచ్చే ఈ మెరుపు, కప్పు మీద ఎక్కడిది?"

"యూసుఫ్‌గూడల ఇస్త్రీబండి కాడిది. కాల్చే ముందు జల్లెడ పట్టి చల్లుత."

"అందుకా, అన్నిటికీ అచ్చం ఒకే చోట పడింది! మంట కూడా నీ దగ్గరే కోచింగ్ తీసుకున్నట్టుంది."

"ఫొటోల మంచిగొస్తే చాలు సార్, గంత ఎవరు చూస్తరు?"

"మంట పక్కన కూర్చోబెట్టి అంతలా నేర్పింది ఇందుకా?"

"మీ బట్టీ ఎట్లుంది సార్?"

"ఆర్పేశాను. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. పొగ వస్తోందని గొడవ."

"అయ్యో. మరి ఇటెందుకొచ్చిన్రు?"

"కింద గోడ మీద చూశాను... 'కుండలు నేర్పే సార్ కావలెను' అని రాశావుగా."

శిష్యుడు కట్టుకున్న చేతులు విప్పి, కుర్చీలో కూర్చున్నాడు.

"రేపు డెమో క్లాసు చెప్పుండ్రి సార్, పిల్లలకు నచ్చితే చూద్దాం. ఫికర్ చేయకుండ్రి, బూడిద చల్లుడు నేను నేర్పిస్త."