వెండెల్ బిగించిన బండి

"మూడో జట్టు, ఇంకా ఇరవై నిమిషాలు!" అని మైకులో అరిచారు. ఇక్కడ కార్లని జట్లుజట్లుగా ట్రాకు మీదికి వదులుతారు; ఆ మూడో జట్టులో నేనున్నాను.

మిషిగన్‌లో మా ఊరికి దగ్గర్లోనే ఉంది ఈ రేసు ట్రాకు. నా కారుతో దాని మీదికి దిగడం నాకిదే మొదటిసారి. అరవై తొమ్మిదిలో తయారైన, పెద్ద ఇంజనున్న మజిల్ కారు అది. సూటి రోడ్డు మీద పులి, మలుపు వస్తే మాత్రం పడవలా ఒక పక్కకి ఒరిగిపోతుంది. ఆ ఒరుగుడు తగ్గించాలని స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ మార్చే పని మా కార్ల క్లబ్బులోని వెండెల్‌కి అప్పగించాను. నిన్న సాయంత్రం ట్రెయిలర్ మీద తెచ్చి ఇక్కడ దించాడు. ఆ తర్వాత దాన్ని ఎవరూ నడపలేదు.

వెండెల్ తన ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద కూర్చుని హాట్ డాగ్ నములుతూ అప్పటికే గొప్పలు మొదలుపెట్టేశాడు. చుట్టూ గస్‌తో కలిపి క్లబ్బు వాళ్ళు ఏడెనిమిది మంది.

"లొరీన్ కారుదేముంది, చిన్న పని. అసలు పనంటే నా కారుకి చేసింది. ముందు స్ప్రింగుల్ని ఒక్క అంగుళం కోశాను, అంతే. బండి కాస్త కిందికి దిగింది, మలుపులో కాస్త కుదురుగా పోయింది. అంతవరకు ఎవడైనా చేస్తాడు. నేనక్కడ ఆగుతానా? బండి ఒరక్కుండా పట్టుకునే అడ్డ కడ్డీ ఉంటుందే, బొటనవేలంత లావు, దాన్ని పీకేసి నా మణికట్టంతది వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నిండు కప్పు కాఫీ ముందు పెట్టుకుని ఇదే ట్రాకు మీద పది చుట్లు కొట్టాను, చుక్క తొణకలేదు!"

"ఖాళీ కప్పేమో," అన్నాడు గస్.

"వెండెల్, నా కారు ముందు బోల్టులు నేల మీదికి దించాక బిగించావు కదా?" అని అడిగాను నేను.

అవి ముందు చక్రాలని చట్రానికి పట్టి ఉంచే ఎనిమిది బోల్టులు. కారు జాకీ మీద ఉన్నప్పుడు వాటిని వేళ్ళతో తిప్పి వదిలేస్తారు. చక్రాలు నేలకి ఆని, బరువు పడ్డాకే పానా వేసి గట్టిగా బిగిస్తారు. ముందే బిగిస్తే లోపలి రబ్బరు మెలిపడి చిరుగుతుంది. ఈ పని తెలిసినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. కానీ సరిగ్గా అక్కడే ఎవరైనా పలకరిస్తే, మర్చిపోయేదీ ఇదే.

"నన్నే అడుగుతున్నావా? విను ముందు. మణికట్టంత కడ్డీ కూడా నాకు ఆనలేదు, నా తొడంతది వేశాను. ఇక బండి ఒరగనని మొండికేసింది. మరి మలుపన్నాక ఎవరో ఒకరు ఒరగాలా వద్దా? బండి ఒరగలేదు, నేలే ఒరిగింది! ఆ మూడో మలుపులో ఏటవాలు చూశారా, అది ఎవరూ కట్టింది కాదు, నా చక్రాలు నొక్కితే వచ్చింది."

"దానికి మట్టి తోలింది మా బావమరిది," అన్నాడు గస్.

"నేను నొక్కాక సర్దడానికి తోలుంటాడు!"

అందరూ నవ్వారు. "మూడో జట్టు, పది నిమిషాలు!" అని మైకు మళ్ళీ అరిచింది. నేను గ్లవ్స్ తొడుక్కున్నాను.

"బిగించావా లేదా, వెండెల్?"

"అబ్బ, అసలు సంగతి ఇప్పుడే వస్తోంది. ఇంకోరోజు ఆఖరి మలుపు ఎంత బిగువుగా తిప్పానంటే, ఎదురుగా ఎవడో నత్తలా పోతున్నాడు. హారన్ కొట్టాను, తప్పుకోడు. తిట్టాను, తప్పుకోడు. దగ్గరికెళ్ళి చూద్దును కదా, నంబరు ప్లేటు నాదే! నా బండి వెనకభాగమే నాకడ్డం! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కనుంచి దాటేశాను. దాటుతూ లోపలికి చూస్తే నేనే, నాకు చెయ్యూపాను."

"మూడో జట్టు, ఐదు నిమిషాలు!"

నేను కారు దగ్గరికి వెళ్ళి, రెండో హెల్మెట్ తీసుకొచ్చి అతని ఒళ్ళో పెట్టాను.

"ఎక్కు. మన క్లబ్బులో పద్ధతేగా, బండి కింద పనిచేసినవాడు మొదటి చుట్టు పక్క సీట్లో కూర్చోవాలి."

"ఆ, దానికేం," అని ట్రక్కు దిగాడు. నవ్వుతూనే వచ్చాడు, నవ్వుతూనే కూర్చున్నాడు. బెల్టు పెట్టుకుంటూ మధ్యలో ఆగాడు. నేను ఇంజను స్టార్ట్ చేసి రెండడుగులు కదిలించాను.

"లొరీన్, ఆపు."

ఆపాను.

"జాకీ దించాను. అది బాగా గుర్తుంది. పానా చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే పక్కింటాయన గోడ మీంచి పలకరించాడు..."

"బిగించావా?"

"గుర్తు లేదు."

ఇంజను ఆపేశాను. గస్ నేల మీద పడుకుని కారు కిందికి చెయ్యి చాపాడు. లేచేటప్పటికి అతని మొహంలో నవ్వు లేదు. "బోల్టు రెండు వేళ్ళతో తిరుగుతోంది," అన్నాడు.

మూడో జట్టు కార్లన్నీ మమ్మల్ని దాటుకుంటూ ట్రాకు మీదికి వెళ్ళిపోయాయి. నాలుగో జట్టులో వెళ్తానని నేను చీటీ మార్పించుకుని వచ్చేసరికి, వెండెల్ కారు కింద పడుకుని పానా తిప్పుతున్నాడు. ఒక్కో బోల్టునీ పైకి వినపడేలా లెక్కపెడుతున్నాడు.

అటు పోతున్నవాడెవడో అతని బూట్లు గుర్తుపట్టి, "ఏం వెండెల్, ఇవాళేం విశేషాలు?" అన్నాడు.

"ఎనిమిదీ అయ్యేదాకా నన్నెవరూ పలకరించకండి," అంది కారు కింది గొంతు.