ఎదురుబరువు

శనివారం సాయంత్రం, వెల్డింగు షాపులో ఇద్దరే ఉన్నారు. ఒకరు షాపు నడిపే బావమరిది, ఇంకొకరు డ్రాయింగు మేష్టారుగా రిటైరైన అతని బావ. బావగారి ఒళ్ళో మాంసం గుచ్చి నిప్పులమీద తిప్పే పొడుగాటి కడ్డీ ఒకటి గోనెసంచిలో చుట్టి ఉంది.

“...కాదు బావా, ముందా సంచి విప్పండి. పాతది చూడకుండా కొత్తది ఎలా చెయ్యను?”

“పాతదాంతో నీకేం పనిరా? అంతా కాగితం మీద వేసి తెచ్చాను. ఇదిగో, పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి. కొలతలు కూడా రాశాను.”

“మీ కాగితాలకేం, ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకోవచ్చు. ఇదేంటి, ఈ చదరం?”

“కడ్డీ. పోయినసారి గుండ్రటిది వాడాం కదా. ఈసారి నలుపలకలది. మాంసాన్ని పట్టి ఉంచే ముళ్ళ పట్టు దీనిమీద జారదు.”

“పోయినసారి జారిందా?”

“అంటే... జారడానికి వీలుంది అంటున్నాను.”

“అతుకు ఊడిందన్నారు కదా మీరు?”

“ఊడింది. ఊడిందనే అన్నాను. అది వేరు, ఇది వేరు. ఇటు చూడు. మోటారు అదే ఉంచుదాం, ఆ కారు అద్దం తుడిచేది. వేగం మాత్రం తగ్గించాలి. నిమిషానికి మూడు చుట్లు చాలు.”

“మోటారు బంగారం. పాత సామాను కొట్లో రెండ్రోజులు వెతికి తెచ్చాను దాన్ని. ముళ్ళెన్ని?”

“అటు రెండు, ఇటు రెండు. మేక పక్కటెముకలంటే కోడిలాగా కాదురా, మధ్యలోంచి కడ్డీ దూర్చేసి ఊరుకోవడానికి. పలకలాగా ఉంటుంది. రెండేసి ఎముకలకి ఒకసారి కిందికీ పైకీ, కుట్టు వేసినట్టు గుచ్చుకుంటూ పోవాలి.”

“తెలుసు బావా. కిందటిసారి గుచ్చింది నేనే.”

“అవునవును. నువ్వే.”

“ఇదిగో, బొటనవేలికి గాటు కూడా. రేపు ఎంతమంది వస్తున్నారు?”

“ఆరు వారాల కిందటి విందుకి వచ్చినవాళ్ళే. పద్దెనిమిది మందీ. మీ అక్కే అందర్నీ మళ్ళీ పిలిచింది. బూడిదలో పడ్డ మాంసం కడిగి వడ్డించాల్సొచ్చిందని ఆవిడకి ఇంకా మనసులో ఉంది. బజార్లో తయారుచేసిన కడ్డీ దొరుకుతుంది, కొనేద్దాం అన్నాను. ససేమిరా అంది. మళ్ళీ మీరిద్దరే కలిసి చెయ్యండి అంది.”

“అలా అందా?”

“రెండుసార్లు అంది.”

“ఒక్క నిమిషం బావా, ఫోను... ఆఁ... ఆఁ, వచ్చింది... లేదు, ఇంకా విప్పలేదు... సరే, చూసి చెప్తా.”

“ఎవర్రా?”

“ఇనప కొట్టువాళ్ళు. సరుకు అందిందా అని.”

“అవునూ, షాపు బోసిగా ఉందేం? శనివారం వస్తే నాకు కూర్చోడానికి చోటుండేది కాదు.”

“పని తగ్గింది.”

“మా ఎదురింటాయన మెట్లకి రెయిలింగు అడిగాడుగా? ఆ పని ఏమైంది?”

“వేరేవాళ్ళకి ఇచ్చారు.”

“అదేంటి! నీకే ఇస్తానన్నాడు. ఆ రోజు మా పెరట్లోనే, నా ముందే...”

“మీ పెరట్లోనే ఇస్తానన్నారు, మీ పెరట్లోనే మానుకున్నారు. పసిపిల్ల పాకే ఇల్లు బావా. మాంసం ముక్కని ఆపలేని అతుకు పిల్లనేం ఆపుతుంది అనుకుని ఉంటారు. ఆయన తప్పేం లేదు. నేనైనా అంతే. టీ తెప్పించనా?”

“వద్దు.”

“మీ మనవడు నన్నేమంటున్నాడో విన్నారా? పళ్ళూడిన తాతలు అందరికీ ఉంటారట, అతుకూడిన తాత వాడికొక్కడికే ఉన్నాడట. బడి పిల్లలందరికీ చెప్పాడు.”

“వెధవ. వాడికి నేను చెప్తాను.”

“ఏమని?”

“...అలా అనకూడదని.”

“అంతేనా? పోనీండి, చిన్నపిల్లాడు. నవ్వు రాకపోలేదు నాకు కూడా. మరి ఇందులో ఎదురుబరువు ఎక్కడ వేశారు?”

“ఎదురుబరువా? వేశాను. ఇదిగో, ఇక్కడ.”

“ఏదీ? ఈ చుక్కా? అన్నీ సిరాతో దిట్టంగా గీసి, దీన్నొక్కదాన్నీ పెన్సిలుతో, అదీ ఊదితే ఎగిరిపోయేట్టు వేశారేంటి?”

“తర్వాత దిద్దుదామని.”

“బావా, మీరు నాకు చెప్పిన పాఠమే మీకు అప్పజెప్తాను, తప్పయితే తిట్టండి. పక్కటెముకలకి ఒకవైపు మాంసం, ఒకవైపు వట్టి ఎముక. మోటారు తగిలించకముందు కడ్డీని వేలితో తిప్పి వదిలెయ్యాలి. బరువైన వైపు కిందికొచ్చి ఆగుతుంది. దానికి సరిగ్గా ఎదురుగా గుండు కట్టాలి. లేకపోతే చుట్టు చుట్టుకీ ధబ్బున పడుతుంది, ఆ కుదుపుకి మరలు వదులవుతాయి. అవునా?”

“అవును.”

“ఆ రోజు పొద్దున్న వేలితో తిప్పి చూసి, పావుకిలో గుండు కట్టింది నేను. మీరు పక్కనే ఉన్నారు. శభాష్ అన్నారు కూడా. మధ్యాహ్నం పొయ్యిమీద తిరిగేటప్పుడు ఆ గుండు నాకు కనపడలేదేం?”

“తీసేశాను.”

“తీసేశారా?”

“మా తోడల్లుడు నవ్వాడురా. రాగానే దాన్ని వేలితో ఇలా ఊపి, మేక మెడలో గంట కట్టారేంటండీ మేష్టారూ అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వు బొగ్గులు తేవడానికి వెళ్ళావు. ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, బరువు లేకుండానే తిరుగుతుంది, లెక్క వేశాను అన్నాను. ఏ లెక్కా వెయ్యలేదు. విప్పి జేబులో వేసుకున్నాను.”

“ఊఁ.”

“నాలుగు చుట్లు బాగానే తిరిగింది. ఆ తర్వాత కుదుపు మొదలైంది. నాకు వినపడుతూనే ఉంది. అప్పుడైనా ఆపచ్చు. ఆపితే తోడల్లుడు చూస్తాడు.”

“ఆ సంచి ఇటివ్వండి.”

“నేనే విప్పుతాను. ...ఇదిగో. చూడు. నీ అతుకు చెక్కుచెదరలేదు. నాలుగు ముళ్ళూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మర వదులై పట్టు జారింది, అంతే. ఆ మర కూడా బూడిదలో ఎక్కడో పోయింది.”

“ఆ రోజు నేను చూస్తానంటే, ఆగరా, చెయ్యి కాలుతుందని గుడ్డ చుట్టి లోపలికి పట్టుకెళ్ళిపోయారు.”

“నీ చెయ్యి కాలుతుందని కాదు.”

“అది నాకు అప్పుడే అనిపించిందిలెండి.”

“ఏమైంది మేష్టారూ, లెక్క తప్పిందా అని అడిగాడు వాడు. లెక్క కాదు, అతుకు అన్నాను. ఆలోచించి అన్న మాట కాదురా, నోటికి అదే వచ్చింది. ఆ మాట అంటున్నప్పుడు నువ్వు బొగ్గుల బుట్ట పట్టుకుని నా ఎదురుగానే ఉన్నావు. నీ కాళ్ళవైపు చూస్తూ అన్నాను. నీ చెప్పులకి బొగ్గుపొడి అంటుకుని ఉంది. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ఆ చెప్పులే.”

“కొత్తవి కొన్నాను, చూడండి.”

“హాస్యం ఆడకురా. తిట్టు. నువ్వు అప్పుడే, అలా కాదు బావా అని ఒక్క మాట అనుంటే...”

“పద్దెనిమిది మంది ముందు మిమ్మల్నా? అక్క మొహం ఎక్కడ పెట్టుకునేది?”

“ఎదురింటాయన దగ్గరికి ఇటునుంచి ఇటే వెళ్తాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మనవడికీ చెప్తాను, వాడు బడిలో కూడా చెప్పుకోనీ. తోడల్లుడికి... సరే, వాడికి కూడా. ఒక్క మనవి మాత్రం ఉంది, కాదనకు.”

“చెప్పండి.”

“మీ అక్కకి తెలియకూడదు.”

“ఊరంతా చాటి అక్కకి దాచిపెడతారా?”

“ఆవిడ నేను వేసిన గీత తప్పదని నలభయ్యేళ్ళుగా నమ్మిందిరా. అబద్ధం ఆడానంటేనే తట్టుకోలేదు. అది తన తమ్ముడి మీద ఆడానంటే... ఆరు వారాలుగా ఆవిడ కంచంలో అన్నం వడ్డిస్తుంటే తల ఎత్తలేకపోతున్నాను. కూర బాగుందా అంటుంది. ఏ కూరో కూడా తెలియదు నాకు.”

“బావా, మీ వెనక ఆ పచ్చ డబ్బా ఉంది చూడండి. మూత తియ్యండి.”

“దేనికి?”

“తియ్యండి ముందు. పైన చిన్న కాగితం పొట్లం ఉంటుంది. అందులో మర. దాన్ని ఆ కడ్డీకి పెట్టి బిగించండి.”

“...సరిపోయింది. ఒరేయ్, ఇది ఆ రోజుదే. దీని తలమీద నా ఆకురాయి గీత ఉంది. బూడిదలో పోయింది కదా, నీకెలా దొరికింది?”

“డబ్బా అడుగున కూడా చూడండి.”

“గుండు! ఇది నా బల్ల సొరుగులో పెట్టి తాళం... తాళం వెయ్యలేదా?”

“మర్నాడు పొద్దున్న పొయ్యిలో బూడిద ఎత్తింది ఎవరు బావా?”

“...మీ అక్క.”

“బూడిదలో మర, మీ సొరుగులో గుండు దొరికాయి. రెండూ కొంగున కట్టుకుని తిన్నగా ఇక్కడికి వచ్చింది. మర బిగిస్తే పట్టు నిలుస్తుందా అని ఒక్క ప్రశ్న అడిగింది. నిలుస్తుందన్నాను. కాసేపు ఆ స్టూలు మీదే కూర్చుంది, ఇప్పుడు మీరు కూర్చున్నదాని మీద. నువ్వు నోరెత్తకు, ఆయనంతట ఆయన వస్తారు అంది.”

“ఆరు వారాలు... ఆరు వారాలు నాకు వడ్డిస్తూ... ఒక్క మాటైనా...”

“ఇందాకటి ఫోను కొట్టువాళ్ళది కాదు బావా. ప్రతి శనివారం ఈ వేళకి అక్క చేస్తుంది, మీ బావ వచ్చారా అని ఒక్క మాట అడిగి పెట్టేస్తుంది, ఇవాళ సంచి విప్పారా అని కూడా అడిగింది. ఇదిగో, మళ్ళీ మోగుతోంది. ఈసారి మీరే చెప్పండి.”