లోపలి మడత

డయాలసిస్ గదిలో కిటికీ పక్క మంచం. పెద్దాయన చేతికి సూదులు పెట్టి మిషన్ నడిపిస్తోంది నర్సు. రక్తపరీక్ష కాగితం చూసినప్పటి నుంచి ఆయన ముఖం వెలిగిపోతోంది. టైలరైన భార్య, నర్సు రమ్మంటే వచ్చి, స్టూలు మీద కూర్చుంది.

"పదకొండు ఉండే క్రియాటినిన్ ఆరుకు దిగింది సిస్టర్. స్వీట్లు పంచమంటారా?"

"వద్దు బాబాయ్ గారూ."

"తగ్గాలి, తగ్గాలి అని పాత డాక్టరు నా ప్రాణం తీశాడు కదా. పప్పొద్దు, గుడ్డొద్దు అన్నాడు. తగ్గించి చూపించా."

"అది మిషన్ ఎక్కకముందు మాట. ఎక్కాక గుడ్లు తినమని చెప్పాం కదా?"

"చెప్పారు. ఒకళ్ళు వద్దంటారు, ఒకళ్ళు తినమంటారు. నేను మొదటి మాట మీదే ఉన్నా. మాట తప్పే మనిషిని కాను."

"క్రియాటినిన్ కండలోంచి పుడుతుంది బాబాయ్ గారూ. మీకది తగ్గింది కిడ్నీ బాగుపడి కాదు, కండ కరిగిపోయి. ఇదిగో, రక్తంలో ఉండే ప్రొటీన్, అల్బుమిన్ కూడా పడిపోయింది. ఈ రెండూ ఇలా పడిపోయినవాళ్ళు ఎక్కువ కాలం..."

"ఎక్కువ కాలం?"

"ఉండట్లేదు."

"మరి నా బరువు తగ్గలేదే?"

"కండ పోయింది, కాళ్ళలో నీరు చేరింది. కాటాకి రెండూ ఒకటే."

"చొక్కా చూడమ్మా. ఎక్కడైనా వదులుందా? అతికినట్టుంది. మా ఆవిడ టైలరు, ఆవిణ్ణే అడుగు. ఏమంటావ్?"

"ఏమంటాను. సరిగ్గానే ఉంది."

"పిన్ని గారూ, ఇటు చూసి చెప్పండి."

"సరిగ్గానే ఉందమ్మా. సరిగ్గా ఉండేలా... ఉంది."

"ఉండేలా ఏంటి?"

"మీరిక్కడ మిషన్ మీదున్నప్పుడు ఇంట్లో పక్క కుట్లు లోపలికి వేస్తున్నానండీ. వదులైందని తెలిస్తే బెంగ పెట్టుకుని తినే నాలుగు ముద్దలూ మానేస్తారని."

"అన్ని చొక్కాలూనా?"

"ప్యాంట్లు కూడా."

"బెల్టు?"

"కొత్త కన్నం వేశాను."

"నేను బెల్టు సాగిందనుకున్నా."

ఆయన రెండో చేతి వేలితో బెల్టుకున్న కొత్త కన్నాన్ని తడిమి, నర్సు వైపు తిరిగాడు.

"సిస్టర్, ఇప్పుడు తింటే పోయిన కండ వస్తుందా?"

"కొంతైనా రావచ్చు. కానీ మీరు మాట తప్పాలి."

"తప్పుతా. ఏమే, మిగిలిన గుడ్డ ఏం చేశావ్? కత్తిరించేశావా?"

"చేతులెలా వస్తాయండీ. అంతా లోపలే మడిచి ఉంచాను, మళ్ళీ విప్పాలి కదా అని."