చోటే మియా చెవులు, కంపెనీ సెన్సార్లు

నార్కట్‌పల్లి అడ్డరోడ్డు కాడ గుర్వమ్మ చాయ్ దుకాణంల మల్లేశ్ ఫోన్ పట్టుకొని పరేషాన్‌గ కూసున్నడు. ఆయన కిరాయికి తిప్పే కారుకు కంపెనీ నుంచి రీకాల్ మెసేజ్ వచ్చింది. టైర్ల గాలి తగ్గితే లైటు వెలిగించే సెన్సార్లు ఖరాబున్నయి, బండి తెస్తే ఊకెనే మారుస్తమని. రేపేమో పెళ్లోళ్ల కిరాయి ఉన్నది. ఏం జెయ్యాల్నో తోస్తలేదు.

పక్క బల్ల మీద చోటే మియా చాయ్‌ని సాసర్ల పోసుకుంట అందుకున్నడు. ఆయనది గూడ గసొంటి కారే.

"ఫికర్ చెయ్యకు మల్లేశ్. గా రీకాల్ ఎవరి వల్ల వచ్చిందనుకున్నవ్? నా వల్లనే. పోయిన ఎండకాలం మీ చాచీని కూసోబెట్టుకొని కట్టంగూర్ దిక్కు పోతున్న. మీటర్ల లైటు లేదు, కూత లేదు. నా చెవులనే సుయ్ మన్నది. ఎనుక ఎడమ టైరుల ముప్పై రెండు ఉండాల్సిన గాలి ఇరవై ఎనిమిదికి దిగింది అన్న. ఆపి గేజి పెట్టి చూస్తే సరిగ్గ ఇరవై ఎనిమిది!"

"చెవుతోనేనా?" అన్నది గుర్వమ్మ.

"చెవుతోనే అక్కా. ముప్పై ఏండ్లాయె స్టీరింగ్ పట్టవట్టి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? షోరూంల చెప్తే నమ్మలే. కండ్లకు దస్తీ కట్టి నలభై కార్ల నడుమ నిలవెట్టిండ్రు. దీనికి ముప్పై, దానికి ముప్పై ఒకటి, గా మూలదానికి మొల గుచ్చుకున్నది అని నేను చెప్పుకుంట పోతాంటె మేనేజరుకు చెమటలు. తెల్లారి కంపెనీ పెద్ద ఇంజనీర్లు విమానమేసుకొని దిగి నన్ను ఎక్కించుకపోయిండ్రు."

"యాడికి చిచ్చా?" అన్నడు మల్లేశ్.

"ఫ్యాక్టరీకి. ఊరి పేరు నాకు నోరు తిరగది. నడిమిట్ల మబ్బులల్ల ఉండంగ మళ్ల సుయ్ మన్నది. పైలట్‌ను పిలిచి, బాబూ, నీ ముందు చక్రంల గాలి తక్కువున్నది అన్న. పాపం, ఏడ్వవట్టె. ఏడ్వకని కిటికీ తెరిచి..."

"విమానం కిటికీనా?"

"జర తెరిచిన, అంతే. చెయ్యి చాపి పంపుతోని మబ్బుల గాలే కొట్టిన. సల్లటి గాలి, గిప్పటిదాంక దిగలే. ఇగ ఫ్యాక్టరీల పదివేల కార్లు నిలవెట్టిండ్రు. నేను గోడ అవతల కూసొని బిర్యానీ తినుకుంటనే అన్నిటి గాలి చెప్పిన. పెద్ద సారు నా చేతులు పట్టుకొని, మియా సాబ్, మా సెన్సార్లు నీ చెవులకు సరిరావు, అన్ని బండ్లను ఎనుకకు పిలుస్త అన్నడు. గదే నీకొచ్చిన మెసేజ్! షోరూం ఎందుకు? పొద్దుగాల బండి నా ముంగట నుంచి పోనియ్యి, చెవి పెట్టి చెప్త."

మల్లేశ్ ఫోన్ జేబుల వెట్టుకోవోయిండు. గప్పుడే చోటే మియా ఇంటామె జన్నత్ బీ రోడ్డు దాటొచ్చి ఆయన ఎనుక నిలవడ్డది.

"ఏంజీ, అవతల నిలవడి నాలుగుసార్లు పిలిచిన. ఇనవడలేదా?"

దుకాణమంత గొల్లుమన్నది. చాయ్ వడపోస్తున్న గుర్వమ్మ నవ్వాపుకోలేక గిన్నె కింద పెట్టింది.

"లారీల మోత..." అని గునిగిండు మియా.

"మల్లేశూ, ఇను బిడ్డా. కట్టంగూర్ కాడ సుయ్ లేదు, గియ్ లేదు. లైటు వెలగలే. టైరు ఒక్కపారే కూసున్నది, బండి మిరప చేన్లకు ఉరికింది. ఈయన కండ్లు మూసుకొని యా అల్లా అన్నడు. నా మోచెయ్యి ఇప్పటికీ సక్కగ వంగది. గందుకే పది దినాల కింద మాకు మెసేజ్ వచ్చిందో లేదో, తెల్లారి షోరూం తాళం తియ్యకముందే పోయి గేటు కాడ కూసున్నడు. నువ్వు పెళ్లోళ్లను ఎక్కించుకుంటవ్, పిల్లజెల్ల ఉంటరు. ముందుగాల మార్పించుకో."

మల్లేశ్ మియా దిక్కు చూసిండు. మియా సాసర్ కింద పెట్టి, మీసం సవరించుకున్నడు.

"పోయింది నిజమే. కాని రిపేరుకు గాదు. కొత్త సెన్సార్లకు ఇనుడు నేర్పనీకె."

"గట్లనా చిచ్చా," మల్లేశ్ పెళ్లోళ్లకు వేరే బండి చెప్పనీకె ఫోన్ కలుపుకుంట లేచిండు, "రేపు నేను గూడ పోతున్న, నేర్పనీకె."