నాంచారమ్మ ఓటు

ఏంటబ్బాయ్, పేపరు చూసి అలా తల కొట్టుకుంటున్నావు? అసెంబ్లీలో బడ్జెట్ కదలట్లేదా? ఓస్, అంతేనా! మా పంచాయతీలో రెండేళ్లు కదల్లేదు. మాకు నాంచారమ్మ ఉంది గనక గట్టెక్కాం, వాళ్లకెవరున్నారు పాపం! నాంచారమ్మ ఎవరంటే... ముందా మడతకుర్చీ లాక్కుని కూర్చో, చెప్తా.

అరవై మూడో సంవత్సరం. నేను పంచాయతీ గుమాస్తాని. అవనిగడ్డ దాటి హంసలదీవి వైపు మన ఊళ్ల సంగతి నీకు తెలుసుగా, నూతిలో చేద వేస్తే సముద్రమే పైకొస్తుంది. మంచినీళ్లంటే చెరువే. ఏప్రిల్లో కాలువ కట్టేసేలోగా చెరువు నింపుకోవాలి, మళ్లీ కాలువ వదిలేదాకా అవే నీళ్లు. ఆ ఏడు కాలువ నీళ్లు చెరువులోకొచ్చే తూము కూలింది. బాగుచేయించాలంటే బడ్జెట్ పాసవ్వాలి. అదే బడ్జెట్లో పంచాయతీ రేడియో కూడా ఉంది. దాని మైకు తూర్పువీధిలో పెట్టాలని ధనుంజయరావుగారు, పడమటివీధిలో పెట్టాలని మల్లికార్జునరావుగారు. ప్రెసిడెంటుగారు కాలం చేశారు, కుర్చీ ఖాళీ. వాళ్లిద్దరితో కలిపి మెంబర్లు అటు నలుగురు, ఇటు నలుగురు. రెండేళ్లుగా వీళ్లు చెయ్యెత్తితే వాళ్లు దించేవాళ్లు. నేను మినిట్సు బుక్కులో 'వాయిదా' అని రాసి రాసి, ఆ మాట ఇప్పుడు కళ్లు మూసుకుని కూడా రాస్తాను. మైకుల దగ్గర కుమ్ములాట, మధ్యన ఊరి గొంతు ఎండటం!

నాంచారమ్మ ఆ మెంబర్ల ఎనిమిది ఇళ్లకీ చెరువు నీళ్లు మోసేది. ఇంటికి రెండు బిందెలు. పిట్టంత మనిషి, నోరు మాత్రం... అబ్బో! చెరువెండితే మూడు మైళ్లు నడిచి తేవాలి, మోకాళ్లు చూస్తే లేవవు. మార్చి నెలాఖరున ఒకరోజు పొద్దున్నే ఎనిమిది ఇళ్లలోనూ నూతి నీళ్లు పోసి వచ్చేసింది. "ఇదేం చోద్యమే?" అని ధనుంజయరావుగారి భార్య పార్వతమ్మగారు అడిగితే, "వేసవంతా ఇవే కదమ్మగారూ, ఇప్పట్నుంచే అలవాటుపడతారని" అందిట. ఇంకేముంది, కాఫీ విరిగింది. కందిపప్పు రెండుగంటలు ఉడికించినా బద్దకి బద్ద అలాగే ఉంది. ఉప్పునీళ్లలో పప్పుడుకుతుందిటోయ్! మూడోరోజుకి పార్వతమ్మగారు విస్తట్లో ఉత్త అన్నం వడ్డించి, "పప్పు మీ మైకునడిగి వేయించుకోండి" అన్నారుట. పడమటివీధిలోనూ అదే వరస. పార్టీలు వేరుగానీ పప్పొకటేగా! ధనుంజయరావుగారికి పప్పు లేకపోతే ముద్ద దిగేది కాదు. వాళ్ల నాన్నా అంతే. ఓసారి ఆయన బందరు పెళ్లికెళ్లి... సర్లే, అది ఇంకో కథ.

నాలుగోరోజు ఎనిమిదిమందీ మీటింగుకొచ్చారు. చూద్దును కదా, గుమ్మం నిండా ఆడవాళ్లు, రెండు వీధులవాళ్లూ. ముందు నాంచారమ్మ. "బాబుగార్లూ, తప్పు మీదంటే మీదని మీరంటున్నారు. ఎవరిదో తేల్చే చదువు మాకు లేదు. అందుకని తేలిక దారి చూసుకున్నాం. కాలువ కట్టేసేలోగా చెరువు నిండకపోతే, వచ్చే ఎన్నికల్లో ఎనిమిదిమందిలో ఒక్కరికీ ఓటెయ్యం. అటూ లేదు, ఇటూ లేదు" అంది. మల్లికార్జునరావుగారు మీసం దువ్వి, "నీకసలు ఓటుందా? ఏమయ్యా గుమాస్తా, లిస్టు తియ్యి" అన్నారు.

తీశాను. చూశాను. లేదబ్బాయ్! ఆ లిస్టుకి ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చింది నేనే. అప్పుడు నాంచారమ్మని "మీ ఆయన పేరేంటమ్మా?" అంటే, "అయ్యో, మొగుడి పేరు నోటితో ఎలా చెప్పేది బాబూ!" అని తల అడ్డంగా ఊపింది. తర్వాత కనుక్కుని రాద్దామని ఖాళీ వదిలేశాను, మర్చిపోయాను. భర్త పేరు లేదని పైవాళ్లు ఆవిడ పేరే కొట్టేశారు. ఇప్పుడు లేదంటే ఆడవాళ్లంతా నవ్వులపాలై ఇళ్లకెళ్తారు, చెరువు ఎండుతుంది. లిస్టు మూసేసి, "ఉందండీ, నూట పన్నెండో నెంబరు" అన్నాను. నా ఉద్యోగంలో ఆడిన అబద్ధం అదొక్కటే... సరే, రెండు అనుకో.

"అయితే మైకెక్కడ?" అన్నారు ధనుంజయరావుగారు నీరసంగా. "చెరువుగట్టున పెట్టండి, బిందెలు నింపుకుంటూ మేం వింటాం" అంది నాంచారమ్మ. ఎనిమిది చేతులూ లేచాయి. 'వాయిదా'కి అలవాటుపడ్డ చెయ్యి కదా, 'పాసయింది' అని రాయడానికి రెండుసార్లు కలం సిరాలో ముంచాల్సొచ్చింది. తూము బాగుచేయించారు, కాలువ కట్టేసే ముందురోజుకి చెరువు నిండింది.

తర్వాత వెళ్లి నా తప్పు ఒప్పుకున్నాను. నవ్వింది. "నాకు తెలుసు బాబూ. పోయిన ఎన్నికల్లోనే పేరు లేదని వెనక్కి పంపేశారుగా" అంది. "మరి అంతమంది ముందు ఎలా బెదిరించావమ్మా?" అంటే, "నాకు లేకపోతే ఏం, నా వెనక నిలబడ్డవాళ్లకి ఉందిగా" అంది. నాకు సిగ్గేసింది. ఈసారి కాగితం తీసి ఆయన పేరు మళ్లీ అడిగాను. ఎనిమిదిమందిని నిలబెట్టి కడిగిన మనిషి, కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది! పక్కింటి ఎస్తేరు చెప్పింది, కోటయ్య అని. ముప్పై ఏళ్ల కిందట కలరాలో పోయాట్ట.

మరుసటేడు ఎన్నికలు. లైన్లో అందరికన్నా ముందు తనే. ఆఫీసరు లిస్టు చూసి, "నాంచారమ్మ, భర్త కోటయ్య" అని గట్టిగా చదివాడు. కదల్దు. వినపడలేదేమోనని, "నువ్వేనా అమ్మా?" అన్నాడు.

"నేనే బాబూ. ఆ పేరు ఇంకొక్కసారి చదవండి" అంది.

...ఎండెక్కింది. ఆ మంచినీళ్ల చెంబిలా అందుకోరా.