నెమ్మది అంటే

ముప్పై ఏళ్లుగా నన్ను తొలుస్తున్న సందేహాన్ని, చొక్కా కొలతలివ్వడానికి మా కుట్టు దుకాణానికి వచ్చిన మాస్టారి ముందు పెట్టాను.

“మాస్టారూ, బడి వదిలేటప్పుడు నా టీసీ కాగితం మీద ‘పిల్లవాడు నెమ్మది’ అని రాశారు. బుర్ర నెమ్మది అనా?”

“బుర్ర సంగతి మార్కులే చెప్పాయిగా, మళ్లీ నేనెందుకు రాస్తానురా?”

“మరి?”

“నిన్ను ఏ బెంచీలో కూర్చోబెడితే అక్కడ గొడవ సద్దుమణిగేది. ఏడ్చేవాడి పక్కన నిన్నే కూర్చోబెట్టేవాణ్ణి. జ్వరం దిగితే నెమ్మదించింది అంటామే, ఆ నెమ్మది.”

“నేను ఇంకోలా అనుకున్నానండీ.”

“అందుకేనా, ఆ రోజు నాకు చెప్పకుండా వెళ్లిపోయావు?”

“అవునండీ. దేవుడికి రోజూ దండం పెడతాను. ఆ రోజు మీకే పెట్టలేదు.”

మెడలో టేపు తీసి పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించాను.